ఎసోన్గెబెరులో బద్దలైన ఓడలు

(రేడియో ప్రసంగ పాఠం. వాక్యభాగం: 1 రాజులు 22:48, 49, 2 దినవృత్తాంతములు 20:35–37)

ఇళ్లలో వింటున్నవారికి, డ్యూటీ దిగి బస్సులో వింటున్నవారికి, ఫిషింగ్ హార్బరులో పడవ మీద రేడియో పెట్టుకొన్న సహోదరులకు నా వందనములు.

ఈ దినం మనం ధ్యానించే భాగం చాలా చిన్నది. ఒక గ్రంథంలో రెండు వచనాలు, మరొక గ్రంథంలో మూడు. సండే స్కూలులో ఈ కథ చెప్పరు. నోవహు ఓడ చెబుతాము, యోనా ఎక్కిన ఓడ చెబుతాము, పౌలు ఎక్కిన ఓడ చెబుతాము. యెహోషాపాతు ఓడలు ఎవరికీ గుర్తుండవు. అవి రేవు దాటనే లేదు మరి.

ఈ భాగం ఎందుకు తీసుకొన్నానంటే, మాకు ఒక ఉత్తరం వచ్చింది. గాజువాక వైపునుండి ఒక సహోదరి రాశారు. పేరు చెప్పను. ఆమె భర్త ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమణ పొందారు. చేతికి వచ్చిన డబ్బులో కొంత అమ్మాయి పెళ్లికి ఖర్చయింది, మిగిలింది బ్యాంకులో ఉంది. ప్రార్థన కూడికలో పరిచయమైన ఒకాయన వారింటికి వచ్చి, మన తీరానికి కొంత దూరంలో పాతకాలపు ఓడ ఒకటి మునిగి ఉందని, అందులో వెండి ఉందని, తీయడానికి ఢిల్లీలో పర్మిషను దాదాపు వచ్చేసిందని, ఒక్క సంతకం మిగిలిందని, ఇప్పుడు వాటా తీసుకొంటే ఒకటికి పదింతలని చెప్పారట. "అయ్యగారూ, ఆయన ప్రతి ఆదివారం ఆరాధనకు వచ్చే మనిషి. మావారు ఇంటిస్థలం కూడా అమ్ముదామంటున్నారు. నేను వద్దంటే నాకు విశ్వాసం లేదంటున్నారు. ఏమి చేయమంటారు?" అని ఆమె అడిగారు.

అమ్మా, మొదట జవాబు చెప్పి, తర్వాత వాక్యంలోకి వస్తాను. స్థలం అమ్మవద్దు. బ్యాంకులోని డబ్బు తీయవద్దు. మీరు వద్దనడం అవిశ్వాసం కాదు. యూదా రాజు ఒకడు ఇలాంటి వాటానే వద్దన్నాడని పరిశుద్ధ గ్రంథంలో రాయబడి ఉంది.

ఆ రాజు యెహోషాపాతు. మంచి రాజు. 2 దినవృత్తాంతములు 20వ అధ్యాయం మొదటినుండి చూడండి. మోయాబీయులు, అమ్మోనీయులు దండెత్తి వచ్చినప్పుడు ఉపవాసం చాటించాడు, సైన్యానికి ముందు పాటలు పాడేవారిని నిలిపాడు. యుద్ధం చేయకుండానే జయం వచ్చింది. శత్రువులు విడిచిన సొమ్ము ఏరుకోవడానికి ఎన్ని దినాలు పట్టిందో 25వ వచనంలో ఉంది. మూడు దినాలు! మోసుకొని పోలేనంత సొమ్ము. నాలుగవ దినాన బెరాకా లోయలో కూడి దేవుని స్తుతించారు.

అదే అధ్యాయం 35వ వచనానికి వచ్చేసరికి అదే రాజు ఓడలు కట్టిస్తున్నాడు. ఇంట్లో మూడు దినాలు మోసిన సొమ్ము ఉంది, కన్ను మాత్రం ఓఫీరు బంగారం మీద ఉంది. చేయి కలిపింది ఆహాబు కుమారుడైన అహజ్యాతో. ఆహాబుతో కలిసి రామోత్గిలాదు యుద్ధానికి వెళ్లి ప్రాణం మీదికి తెచ్చుకొన్నది ఎంతో కాలం కాలేదు. యెహూ అనే దీర్ఘదర్శి ఎదురువచ్చి గద్దించాడు కూడా. అయినా ఆహాబు కొడుకు పిలిస్తే వెళ్లాడు.

ఈ ఓఫీరు ఆశ వెనుక ఒక పాత కథ ఉంది. సొలొమోను కాలంలో ఇదే ఎసోన్గెబెరు రేవునుండి ఓడలు వెళ్లి 420 తలాంతుల బంగారం తెచ్చాయని 1 రాజులు 9వ అధ్యాయం చెబుతుంది. యెహోషాపాతు సొలొమోను తర్వాత నాలుగో తరం. ఇంట్లో ఆ కథ వింటూ పెరిగి ఉంటాడు. మా పెద్దలకు వచ్చింది, మాకెందుకు రాదు అనుకొని ఉంటాడు. నిధి మాట ఎక్కడ పుట్టినా దాని అడుగున ఇటువంటి నిజమైన కథ ఒకటి ఉంటుంది. పూర్తిగా అబద్ధమైతే ఎవరూ డబ్బు పెట్టరు.

మన తీరానికి కూడా అటువంటి నిజమైన కథలున్నాయి. 1804 సెప్టెంబరు 15న విశాఖ రేవు ఎదుట ఫ్రెంచివారికీ ఇంగ్లీషువారికీ ఓడల యుద్ధం జరిగింది. సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక రెండు వర్తక నౌకలకు కాపలాగా ఉంది. వాటిలో ఒకటి ఒడ్డుకు కొట్టుకొని నాశనమైంది, రెండవదాన్ని ఫ్రెంచివారు పట్టుకొని పోయారు. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచింది. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి దాటుతుండగా పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన రేవు బయటే మునిగింది. అందులో 93 మంది ఉన్నారు. మన నౌకాదళం 2024లో ఆ శిథిలం ఉన్న చోటును కొత్త పరికరాలతో మళ్లీ గుర్తించినప్పుడు, చనిపోయినవారి మీద గౌరవంతో దానిని ముట్టుకోలేదని అధికారులు చెప్పారు. శత్రువుల ఓడే, అయినా అది సమాధి. ఆ మాట విన్నప్పుడు నాకు సంతోషం కలిగింది.

కాబట్టి మన సముద్రంలో మునిగిన ఓడలు లేవని నేను చెప్పడం లేదు. ఉన్నాయి. అయితే 2023 సెప్టెంబరు నెలాఖరున వై.ఎం.సి.ఎ. బీచికి ఒక పెద్ద కొయ్య పెట్టెలాంటిది కొట్టుకొని వచ్చింది గుర్తుందా? ఊరంతా అక్కడికి పరుగెత్తింది. లోపల బంగారమని కొందరు, రాజుల కాలం నాటి పెట్టె అని కొందరు. పోలీసులు వచ్చారు, బాంబు స్క్వాడు వచ్చింది, పురావస్తు శాఖవారు వచ్చారు. యంత్రంతో విప్పి చూస్తే కొయ్య. పైనా కొయ్యే, లోపలా కొయ్యే. అంతకు మూడేళ్ల ముందు, 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత, ఉప్పాడ ఒడ్డున ఆడవాళ్లు, పిల్లలు ఇసుక జల్లించి చిన్న చిన్న బంగారు ముక్కలు ఏరుకొన్నారు. ఆ బంగారం నిజమే. అది ఏ ఓడదో కాదు, సముద్రం కోసుకొని పోయిన ఇళ్లదీ గుళ్లదీ అని అక్కడివారే చెప్పారు. ఉప్పాడలో ఎన్ని ఇళ్లు సముద్రంలో కలిసిపోయాయో తెలిసినవాళ్లకు ఆ బంగారు ముక్క చూస్తే ఒక పొరుగింటి గడప గుర్తుకొస్తుంది.

ఇప్పుడు పర్మిషను సంగతికి వస్తాను. ఈ మాట వినగానే మనవాళ్లకు సగం అనుమానం తీరిపోతుంది. గవర్నమెంటే ఒప్పుకొంది కదా అంటారు. సముద్రంలో దొరికింది దొరికినవాడిదే అని చాలామంది అనుకొంటారు. చట్టం అలా అనలేదు. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టంలో ఓడ శిథిలాలకు ఒక అధికారి ఉంటాడు. దొరికినవాడు వెంటనే ఆయనకు తెలియజేసి సొమ్ము అప్పగించాలి. ఓడ యజమాని హక్కు అడగడానికి ఒక సంవత్సరం గడువు. ఎవరూ రాకపోతే అది ప్రభుత్వానిది, కాపాడినవాడికి అతని కష్టానికి తగిన ప్రతిఫలం. ఆ చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. నూరేళ్లు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. నేలలో పాతిపెట్టిన నిధికైతే 1878 నుండి ఉన్న చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి.

ఇంకో సంగతి. అనుమతి పత్రం నిజమైనదే అయినా, అక్కడ బంగారం ఉందని ప్రభుత్వం హామీ ఇచ్చినట్లు కాదు. వెతకడానికి సెలవిచ్చినట్లు, అంతే. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో నిధి కోసం తవ్వకాలు జరిగాయి. దొంగచాటుగా కాదు, ప్రభుత్వ అనుమతితో, అధికారుల ఎదుటే. ఎముకలు బయటపడ్డాయి, ఇటుకలు బయటపడ్డాయి. నిధి బయటపడలేదు. మన తెన్నేటి పార్కు దగ్గర 2020 అక్టోబరులో ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ ఓడ వాయుగుండంలో లంగరు తెగి రాళ్ల మీదికి వచ్చింది. దాన్ని రెస్టారెంటుగా మారుస్తామని ప్రకటనలు వచ్చాయి. కళ్ల ఎదుట ఒడ్డున నిలిచిన ఓడ, నడిచి వెళ్లి చూడగలిగినంత దగ్గర. అయినా ఆ రెస్టారెంటు తెరుచుకోలేదు. కళ్లకు కనబడే ఓడ సంగతే అలా ఉంటే, నీటి అడుగున ఎవరూ చూడని ఓడ మీద ఇంటిస్థలం పెట్టడం ఎలాంటిదో ఆలోచించండి.

అమ్మా, మీ ఇంటికి వచ్చినాయనను దొంగ అని నేను అనను. నాకు ఆయన తెలియదు. తానే నమ్మి మోసపోయి ఉండవచ్చు. రైస్ పుల్లింగ్ చెంబు పేరుతో మన జిల్లాల్లో ఎంతమంది పోగొట్టుకొన్నారో మీకు తెలుసు. అక్కడ కూడా పెద్ద పెద్ద ప్రభుత్వ సంస్థల పేర్లతో కాగితాలు చూపిస్తారు, అక్కడ కూడా ఎప్పుడూ ఒక్క సంతకమే మిగిలి ఉంటుంది. పదిమంది దగ్గర డబ్బు పోగుచేసి లాభం పంచుతాననే పథకానికి సెబీ దగ్గర నమోదు ఉండాలని చట్టం ఉంది. ఆ కాగితం చూపించమనండి. ఓడ పేరేమిటి, ఏ సంవత్సరం మునిగింది, అందులో సరుకు ఎవరిది, అనుమతి ఏ కార్యాలయం ఏ తేదీన ఇచ్చింది, ఇవి అడగండి. అడిగినందుకు కోపం వస్తే మీకు జవాబు దొరికినట్లే. అగ్రిగోల్డులో భూములు కళ్లకు కనబడ్డాయి, ఆఫీసులు కనబడ్డాయి, అయినా లక్షలాది మంది డిపాజిటర్లు రోడ్డున పడ్డారు. వారిలో మన సంఘాలవారు ఎందరో ఉన్నారు.

నిధి నిజంగా దొరికితే? అప్పుడైనా వాటాదారులు సుఖపడతారా? అమెరికాలో సెంట్రల్ అమెరికా అనే ఓడ 1857లో కాలిఫోర్నియా బంగారంతో తుఫానులో మునిగింది. 425 మంది చనిపోయారు. టామీ థాంప్సన్ అనే ఇంజనీరు దానిని వెతుకుతానంటే 161 మంది కలిసి కోటీ 27 లక్షల డాలర్లు పెట్టారు. 1988లో ఓడ దొరికింది. బంగారమూ దొరికింది. ఇది కట్టుకథ కాదు, టన్నుల లెక్కన బంగారం. వెంటనే పాత బీమా కంపెనీలు కోర్టుకు వచ్చాయి, ఏళ్ల తరబడి వ్యాజ్యం. తమకు ఏమీ ముట్టలేదని వాటాదారులు 2005లో ఆయన మీదనే దావా వేశారు. 2012లో ఆయన కోర్టుకు రాకుండా పారిపోయాడు, 2015లో పట్టుబడ్డాడు. 500 బంగారు నాణేలు ఎక్కడ ఉన్నాయో చెప్పనందుకు ఏళ్లకేళ్లు జైలులో ఉన్నాడు. సముద్రం అడుగున ఓడను కనుగొన్న మేధావి ఆయన. అంత తెలివి ఉన్న మనిషి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేక జైలులో కూర్చున్నాడు.

అమెరికాలోనే ఒడిస్సీ అనే కంపెనీ 2007లో ఒక స్పెయిన్ ఓడనుండి 17 టన్నుల నాణేలు తీసి విమానంలో తెచ్చుకొంది. స్పెయిన్ ప్రభుత్వం, అది మా ఓడ, మిమ్మల్ని ఎవరు తీయమన్నారు అని కోర్టుకు వెళ్లింది. 2012 ఫిబ్రవరిలో ఆ నాణేలన్నీ స్పెయినుకు తిరిగి వెళ్లిపోయాయి. అదే సంవత్సరం అదే కంపెనీ గైర్‌సొప్పా అనే మరొక ఓడనుండి వెండి తీసింది. దానికి ముందే బ్రిటిష్ ప్రభుత్వంతో ఒప్పందం ఉంది. ఖర్చులు పోగా వచ్చినదానిలో నూటికి ఎనభై వంతులు కంపెనీవి. ఒకే కంపెనీ, ఒకే సంవత్సరం. అడగకుండా తీసినది మొత్తం పోయింది, అడిగి తీసినది నిలిచింది.

మత్తయి 13:44లో ప్రభువు చెప్పిన ఉపమానం మీకు గుర్తుండే ఉంటుంది. పొలంలో దాచిన ధనం ఒకనికి దొరికింది. రాత్రివేళ తవ్వుకొని పోలేదు. వెళ్లి, తనకు కలిగినదంతా అమ్మి, పొలం కొన్నాడు. ఈ వచనం చూపించి స్థలం అమ్మమనేవారు కూడా ఉన్నారని విన్నాను. అతడు ధనాన్ని తన కళ్లతో చూసిన తర్వాత అమ్మాడు, అదీ తనది, పొలం తన పేరున రావడానికి. ఎవరో చూశామని చెబితే అమ్మలేదు. పైగా ప్రభువు అక్కడ చెప్పినది పరలోక రాజ్యం గురించి, వెండి వాటాల గురించి కాదు.

గైర్‌సొప్పా సంగతి ఇంకొంచెం చెప్పాలి. అది మన దేశపు ఓడలాంటిదే. కర్ణాటకలోని జోగ్ జలపాతం దగ్గరి ఊరి పేరు దానికి పెట్టారు. 1940 డిసెంబరులో కలకత్తా నుండి వెండి, తేయాకు, దుక్క ఇనుము వేసుకొని బయలుదేరింది. యుద్ధకాలం. దారిలో బొగ్గు చాలక తోటి ఓడలనుండి విడిపోయింది. 1941 ఫిబ్రవరి 17న ఐర్లండుకు నైరుతి దిశలో జర్మను జలాంతర్గామి దాన్ని కొట్టింది. ఓడలో ఉన్నవారిలో అత్యధికులు మన దేశపు నావికులే. లస్కర్లు అని పిలిచేవారు వారిని. ఒకే పడవ తప్పించుకొంది. దాదాపు రెండు వారాలు చలిలో, దాహంతో కొట్టుకొని పోయి, చివరికి ప్రాణాలతో మిగిలింది ఒక్క ఇంగ్లీషు ఆఫీసరు. వెండి 2012, 2013 సంవత్సరాల్లో దాదాపు 4,700 మీటర్ల లోతునుండి వంద టన్నులకు పైగా పైకి వచ్చింది. దానితోపాటు మరొకటి పైకి వచ్చింది. ఉత్తరాలు! ఇండియానుండి ఇంగ్లండుకు రాసిన వందలాది ఉత్తరాలు, సుమారు డెబ్బై ఏళ్లు నీటి అడుగున సంచుల కింద నొక్కుకొని ఉండి చెడిపోలేదు. 2018లో లండనులోని తపాలా మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు. వెండి లెక్క అణాపైసలతో సహా తేలింది. లస్కర్ల ఇళ్లకు ఆ నెలలో ఏ కబురు అందిందో, ఎవరు వాకిట్లో నిలబడి ఎదురుచూశారో ఆ లెక్కలో ఉండదు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో శతాధిపతి పౌలు మాట కంటె ఓడ యజమాని మాట, నావికుని మాట ఎక్కువగా నమ్మాడు. యజమానికి సరుకు చేరాలి, ఆ సరుకు గోధుమలు. పద్నాలుగు దినాల తర్వాత ఆ గోధుమలనే సముద్రంలో పారవేశారు. ఓడ పోయింది. 276 మంది ఒడ్డుకు చేరారు. మన 1958 నాటి చట్టంలో కూడా, ప్రాణాలు కాపాడినందుకు ఇచ్చే ప్రతిఫలం సరుకు కాపాడినందుకు ఇచ్చేదాని కంటె ముందు చెల్లించాలని ఉండేది. ఆ నియమం ఎవరు రాశారో గాని, ఆ అధ్యాయం చదివినట్లే రాశారు.

తిరిగి యెహోషాపాతు దగ్గరకు వెళ్దాం. మారేషావాడైన ఎలీయెజెరు ప్రవక్త వచ్చి, నీవు అహజ్యాతో చేయి కలిపావు గనుక యెహోవా నీ పనులను భంగం చేశాడని చెప్పాడు. ఓడలు ఎసోన్గెబెరులోనే బద్దలయ్యాయి. కట్టిన ఖర్చు పోయింది. మనుషులు మాత్రం ఇంకా ఎక్కలేదు. ఓఫీరు దారిలో నడిసముద్రంలో బద్దలై ఉంటే ఎందరు పోయేవారో! రేవులో బద్దలవడం ఎంత కృపో ఆ నావికుల భార్యలను అడగాలి.

కొందరు బైబిలు విద్యార్థులు నన్ను అడుగుతారు, ఒక గ్రంథంలో కలిశాడని ఉంది, మరొక గ్రంథంలో ఒప్పుకోలేదని ఉంది, ఏది నిజం అని. రెండూ నిజమే. మొదట కలిశాడు, ఓడలు బద్దలయ్యాయి. అప్పుడు అహజ్యా రెండోసారి వచ్చాడు. నా మనుషులు సముద్రం తెలిసినవాళ్లు, ఈసారి వాళ్లను పంపుతాను అన్నాడు. ఇది చాలా తెలివైన మాట. పోయినది తిరిగి రాబట్టుకోవచ్చని ఆశపెట్టే మాట. మొదటి వాటాకంటె రెండవ వాటాకే ఎక్కువమంది మునుగుతారు. పెట్టిన లక్ష రావాలంటే ఇంకో యాభై వేలు పెట్టు, సంతకం కోసం. అక్కడ యెహోషాపాతు ఒప్పుకోలేదు. ఆ సింహాసనం మీద కూర్చున్నవాడికి అది ఎంత నామోషీయో ఊహించండి. ఓడలు విరిగిన సంగతి దేశమంతా తెలుసు, బంగారం రాలేదని తెలుసు. అయినా వద్దన్నాడు, ఇంటికి వెళ్లాడు.

సహోదరీ, మీ భర్తతో పోట్లాడవద్దు. ముప్పై ఏళ్లు కొలిమి వేడి దగ్గర నిలబడి సంపాదించిన డబ్బు అది. ఇంకా కుటుంబానికి ఏదైనా చేయాలనే ఆశతోనే ఆయన ఈ మాట విన్నారు. ఈ రెండు వచనాలు ఆయన పక్కన కూర్చొని చదవండి. ఇప్పటికే కొంత ఇచ్చి ఉంటే, ఇచ్చిన కాగితాలన్నీ తీసుకొని, సంఘంలో లెక్కలు తెలిసిన పెద్దను ఒకరిని వెంటబెట్టుకొని పోలీసు స్టేషనుకు వెళ్లండి. సిగ్గుపడవద్దు. సంఘ పెద్దలారా, మీకు కూడా ఒక మాట. కూడికలో వాటాలు అమ్మేవారిని చూసి మౌనంగా ఉండవద్దు. ఆరాధనకు వస్తాడు గనుక మంచివాడే అని ఆ సహోదరి రాసింది చూశారా? ఆమె నమ్మింది ఆయనను కాదు, మనలను.

ఇదే ఊరిలో, 1933లో రేవు తెరిచే రోజుల్లో, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను కావాలనే ముంచారు, అలల తాకిడికి అడ్డుగా. వాటి చాటుననే రేవు నోరు స్థిరపడింది. విశాఖలో మునిగిన ఓడల గురించి మీ పిల్లలు అడిగితే ఆ రెండింటి సంగతి చెప్పండి.

ప్రార్థన చేసుకొందాం. పరలోకమందున్న తండ్రీ, ఉత్తరం రాసిన ఆ ఇంటిని నీ చేతికి అప్పగిస్తున్నాము. ఆ భార్యాభర్తల మధ్య సమాధానం ఉంచు. ఇప్పటికే డబ్బు పోగొట్టుకొని ఎవరికీ చెప్పుకోలేక కూర్చున్నవారికి నోరు తెరిచే ధైర్యం దయచేయి. ఈ రాత్రి వేటకు వెళ్లిన పడవలను, రేవు బయట లంగరు వేసి తమ వంతు కోసం ఎదురుచూస్తున్న ఓడల్లోని పరదేశపు నావికులను, ఇంటి దగ్గర వారి కోసం కనిపెట్టుకొని ఉన్నవారిని జ్ఞాపకం చేసుకో. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.